పసిపిల్లల్లో బ్రాంకియోలైటిస్ ఎవరికి ముదురుతుంది? మా పాప నెలలు నిండకుండా పుట్టింది

బుజ్జితల్లి_అమ్మ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా పాపకు తొమ్మిది వారాలు. 34 వారాలకే పుట్టేసింది, అప్పుడు బరువు 1.9 కిలోలు. పది రోజులు ఎన్‌ఐసీయూలో, అంటే పుట్టిన పిల్లల ఐసీయూలో ఉంచి పంపించారు. ఇప్పుడు 3.6 కిలోలు, బుగ్గలు కూడా వచ్చాయి. గండం గడిచింది అనుకున్నాం.

మా పెద్దోడికి నాలుగేళ్లు. స్కూల్లో జలుబు అంటించుకుని వచ్చాడు. వాడికి ముక్కు కారడం తప్ప ఇంకేమీ లేదు, ఇల్లంతా పరుగులే. నిన్న పొద్దున్నుంచి పాపకు తుమ్ములు, ముక్కు కారడం మొదలయ్యాయి. ఈరోజు డాక్టరుకి చూపించాం. ఛాతీ ప్రస్తుతానికి బాగానే ఉంది, బ్రాంకియోలైటిస్‌గా మారొచ్చు, గమనిస్తూ ఉండండి అన్నారు. ఏం గమనించాలో అప్పుడు అడగలేకపోయాను.

అసలు ఎలాంటి పిల్లలకు ఇది ముదురుతుంది? మా పాప ఆ కోవలోకి వస్తుందా? జ్వరం లేదు. ఒక్కో విడత 60 ఎంఎల్ పాలు తాగేది, సాయంత్రం 50 దగ్గర ఆపేసింది. టెన్షన్‌తో కళ్లు మూతపడటం లేదు.

రెండోసారి_నాన్న | సోమవారం, రాత్రి 10:05

మీ పాప ఆ కోవలోకి వస్తుందండీ. నెలలు నిండలేదు, మూడు నెలల లోపు వయసు, ఇంట్లో స్కూలుకెళ్లే అన్న ఉన్నాడు. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, తెలిసుంటే మంచిదని చెబుతున్నాను.

మా సంగతి వేరు. మా వాడు నిండు నెలలకే 3.2 కిలోలతో పుట్టాడు, ఏ జబ్బూ లేదు. రెండో నెలలో ఇదే జలుబుతో మొదలైంది. నేను ముప్పు ఉన్న పిల్లల జాబితా చదివి, ఇందులో ఒక్కటీ మనవాడికి లేదు కదా అని ఒక రాత్రంతా ఊరుకున్నాను. తెల్లారేసరికి వాడు డొక్కలు ఎగరేస్తున్నాడు. పాలు పడితే రెండు గుక్కలు మింగి, వదిలేసి, గాలి కోసం తల వెనక్కి వేస్తున్నాడు. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతాను, జాబితాలో లేడని ధీమాగా ఉండకండి.

పిల్లల_డాక్టర్ | సోమవారం, రాత్రి 10:50

అమ్మా, మీరు అడిగినదానికి కాస్త వివరంగానే రాస్తాను.

బ్రాంకియోలైటిస్ అంటే ఊపిరితిత్తుల్లోని అతి సన్నని గాలి గొట్టాల లోపలి పొర వైరస్ వల్ల వాచిపోవడం. ఎక్కువసార్లు కారణం ఆర్‌ఎస్‌వి అనే వైరస్. రైనోవైరస్, మెటాన్యుమోవైరస్ లాంటివి కూడా కారణమవుతాయి. రెండేళ్లు నిండేసరికి దాదాపు పిల్లలందరికీ ఆర్‌ఎస్‌వి ఒక్కసారైనా సోకుతుంది. చాలామందికి జలుబుతోనే పోతుంది. మొదటి ఏడాదిలో నూటికి ఇద్దరు ముగ్గురు ఆస్పత్రిలో చేరాల్సి వస్తుంది.

మీ పెద్దోడికి ముక్కు కారడంతో సరిపోయింది, పాపకు అలా సరిపోకపోవచ్చు. గొట్టాల కొలతలోనే తేడా ఉంది. సన్నని గొట్టం వాచి, దాని వ్యాసార్థం సగానికి తగ్గిందనుకోండి, గాలి వెళ్లడానికి అడ్డు రెండింతలు కాదు, సుమారు పదహారింతలు అవుతుంది. పెద్దవాళ్ల గొట్టంలో అదే మందం వాపు వచ్చినా పెద్దగా తెలియదు. దానికి తోడు రాలిన కణాలు, చిక్కటి కఫం చేరి కొన్ని గొట్టాలను పూర్తిగా మూసేస్తాయి. అందుకే వయసు అన్నిటికన్నా పెద్ద విషయం. మూడు నెలల లోపు, అందులోనూ ఆరు వారాల లోపు పిల్లల విషయంలో మేం ఎప్పుడూ జాగ్రత్తగా ఉంటాం.

నెలలు నిండకుండా పుట్టడం రెండోది. తల్లి రక్తంలోని రక్షక ప్రొటీన్లు, అంటే యాంటీబాడీలు, బిడ్డకు ఎక్కువగా చేరేది చివరి మూడు నెలల్లోనే. 34 వారాలకు పుట్టిన పాపకు ఆ మూట సగంలోనే ఆగిపోయింది. ఊపిరితిత్తులూ అప్పటికి పూర్తిగా ఎదగవు. 32 వారాల లోపు పుట్టినవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ. పుట్టాక వారాల తరబడి ఆక్సిజన్ మీద ఉండి, ఊపిరితిత్తులు దెబ్బతిన్న పిల్లలైతే అందరికన్నా ముందు ఉంటారు.

ఆ తర్వాత పుట్టుకతో గుండె జబ్బు ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లు, కండరాల బలహీనత వల్ల గట్టిగా దగ్గలేనివాళ్లు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు గుండె బాగున్నా సరే ముప్పు ఉంటుంది, ఈ సంగతి చాలామంది మరచిపోతారు. ఇంట్లో పొగ, ఇరుకులో ఎక్కువమంది ఉండటం, తల్లిపాలు అందకపోవడం ఇవి కూడా తోడవుతాయి. ఒక్కోటీ కొంచెం కొంచెమే పెంచుతుంది, రెండు మూడు కలిస్తే బరువవుతుంది.

రెండోసారి_నాన్న గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఆర్‌ఎస్‌వితో ఆస్పత్రిలో చేరే పసివాళ్లలో ఎక్కువమంది ముందు ఏ జబ్బూ లేనివాళ్లే, నిండు నెలలకు పుట్టినవాళ్లే. ఒక్కొక్కరికి ముప్పు తక్కువే, కానీ లోకంలో అలాంటి పిల్లలే ఎక్కువమంది కదా.

ఎన్‌ఐసీయూ_సిస్టర్ | సోమవారం, రాత్రి 11:15

చెల్లీ, డాక్టర్ గారు కారణాలు చెప్పారు. రాత్రి నువ్వేం చూడాలో నేను చెబుతాను.

పాప నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకి తీసి పొట్ట మీద లైటు పడనివ్వు. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టు. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒక శ్వాస. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించకు, పసివాళ్లు కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా పీలుస్తారు, లెక్క తప్పుతుంది. రెండు నెలల లోపు పిల్లలకు నిమిషానికి 60 గానీ అంతకు మించి గానీ ఉంటే వేగం. రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది దాటితే 40. మీ పాపకు రెండు నెలలు ఇప్పుడే దాటాయి, నెలలు నిండని బిడ్డ. ఏడుపూ జ్వరమూ లేనప్పుడు 50 దాటి అలాగే ఉంటే ఫోన్ చెయ్యి, 60 అయితే బయల్దేరు.

పక్కటెముకల మధ్య, ఎముకల కింద, గొంతు గుంట దగ్గర చర్మం లోపలికి లాక్కుపోతోందా చూడు. ముక్కుపుటాలు ఎగరడం, తల ఊపిరితో పాటు ఊగడం, ప్రతి శ్వాసకూ చిన్న మూలుగు, ఇవి కనిపిస్తే ఇంట్లో ఆగకూడదు. పెదాలు నీలంగా మారినా, ఊపిరి ఆగినట్టనిపించినా అంబులెన్సే. పాలు రోజూ తాగేదాంట్లో సగానికి తగ్గినా, పన్నెండు గంటలు డైపర్ తడవకపోయినా అంతే.

ఈ వయసు పిల్లలు దాదాపు ముక్కుతోనే గాలి పీలుస్తారు. పాలకు ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేసి, బయటికి వచ్చిన చీమిడి మెల్లగా తీసెయ్యి. లోపలిదాకా గొట్టం పెట్టి లాగొద్దు, వాపు పెరుగుతుంది. ఒకేసారి 60 పట్టాలని చూడకు, 30 చొప్పున తక్కువ తక్కువగా, ఎక్కువసార్లు పట్టు.

చిన్నిగుండె | మంగళవారం, ఉదయం 6:30

మా బాబుకు గుండె గోడలో రంధ్రం. అది పెద్దదని, ఊపిరితిత్తుల్లోకి రక్తం అవసరానికి మించి పోతుందని పుట్టగానే చెప్పారు. అయిదో నెలలో బ్రాంకియోలైటిస్ వచ్చింది. ముందే రక్తంతో నిండిన ఊపిరితిత్తులకు ఈ వాపు తోడైతే తట్టుకునే జాగా ఉండదని కార్డియాలజిస్టు చెప్పిన మాట నాకు అప్పుడు అర్థమైంది. జలుబు మొదలైన రోజే ఫోన్ చేయమని వాళ్లు ముందే రాసిచ్చారు, అందుకే మేం తొందరగా వెళ్లగలిగాం. పన్నెండు రోజులు ఉన్నాం, అందులో అయిదు రోజులు వెంటిలేటర్ మీద. తర్వాత ఆపరేషన్ అయింది, ఇప్పుడు మూడేళ్లు, బాగున్నాడు.

గుండె జబ్బు అన్నా అన్నీ ఒకటి కావు. మా ఆడపడుచు కూతురికి చిన్న రంధ్రం ఉండేది, తనంతట తనే మూసుకుపోయింది. ఆ పాపకు ఇదే జబ్బు వచ్చి ఇంట్లోనే తగ్గిపోయింది. మీ బిడ్డ గుండె సంగతి ఏ రకమో డాక్టరుని అడిగి రాయించుకోండి, కొత్త ఆస్పత్రికి వెళ్లినా ఆ కాగితం చూపించొచ్చు.

బుజ్జితల్లి_అమ్మ | మంగళవారం, ఉదయం 8:10

అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి రెండుసార్లు లెక్కపెట్టాను, 46, 48. డొక్కలు ఎగరేయడం లేదు. పాలు 45 దాకా తాగుతోంది.

ఒక సందేహం. మా వారు సిగరెట్ తాగుతారు, ఇంట్లో కాదు, బయటికి వెళ్లి తాగి వస్తారు. అది కూడా లెక్కేనా?

ఎన్‌ఐసీయూ_సిస్టర్ | మంగళవారం, ఉదయం 8:45

లెక్కే చెల్లీ. పొగ గాలి గొట్టాల లోపలి సన్నటి నూగు పనిని దెబ్బతీస్తుంది. కఫాన్ని పైకి నెట్టేది ఆ నూగే. బయట తాగినా బట్టలకు, చేతులకు, ఊపిరికి పట్టుకుని లోపలికి వస్తుంది. కనీసం చొక్కా మార్చి చేతులు కడుక్కుని ఎత్తుకోమను. మానేస్తే అంతకన్నా మంచిది లేదు. కట్టెల పొగ, అగరబత్తి పొగ కూడా ఆ గదిలోకి రానివ్వొద్దు. కడుపుతో ఉన్నప్పుడు తల్లికి తగిలిన పొగ కూడా బిడ్డ ఊపిరితిత్తుల మీద పడుతుంది.

పెద్దోడిని మాత్రం నేరస్థుడిలా చూడకండి. నాలుగేళ్ల పిల్లాడు, చెల్లిని ముద్దుచేయాలనే ఉంటుంది. ముద్దులు కాళ్లకు పెట్టమనండి, ముఖానికి వద్దు. బయటి నుంచి రాగానే చేతులు సబ్బుతో కడిగించండి. ఆర్‌ఎస్‌వి బల్ల మీద, బొమ్మల మీద గంటల తరబడి బతికే ఉంటుంది, చేతుల నుంచే కంటికీ ముక్కుకీ చేరుతుంది.

నీలాకాశం | మంగళవారం, మధ్యాహ్నం 1:20

అక్కా, మా వాడికి ఏడో నెలలో ఇలాగే పిల్లికూతలు వస్తే నెబ్యులైజర్ పెట్టారు, సిరప్ కూడా ఇచ్చారు. మిగిలిన మందు నా దగ్గర ఉంది. ముదరకముందే పెట్టేస్తే ఆగుతుందేమో కదా? యాంటీబయాటిక్ కూడా ముందే మొదలుపెడితే నెమ్ము చేయదని మా అత్తయ్య అంటున్నారు.

పిల్లల_డాక్టర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:05

మీరు మంచి మనసుతోనే చెబుతున్నారు, కానీ ఆ పని చేయకండి. నెబ్యులైజర్‌లో వేసే సాల్బుటమాల్ గొట్టాల చుట్టూ బిగుసుకున్న కండరాన్ని సడలిస్తుంది. ఉబ్బసంలో అడ్డు అక్కడే ఉంటుంది కాబట్టి పనిచేస్తుంది. ఇక్కడ అడ్డు వాపు, కఫం, రాలిన కణాలు. సడలించడానికి పెద్దగా కండరం బిగుసుకుని ఉండదు, గుండె వేగం మాత్రం పెరుగుతుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014 మార్గదర్శకాల్లో సాల్బుటమాల్, స్టెరాయిడ్లు, ఛాతీ మీద తట్టే ఫిజియోథెరపీ ఈ జబ్బుకు వద్దనే చెప్పారు. బ్యాక్టీరియా కూడా సోకిందని ఆధారం ఉంటేనే యాంటీబయాటిక్. వైరస్ మీద అది పనిచేయదు.

దగ్గు సిరప్‌లు పసివాళ్లకు ఇవ్వకూడదు. ఏడాది లోపు పిల్లలకు తేనె కూడా నాకించకండి, కండరాలు చచ్చుబడే బాట్యులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

మందు లేని జబ్బుకు ఆస్పత్రి ఎందుకని అడుగుతారు. ఆక్సిజన్ తగ్గితే ఇవ్వడానికి, పాలు తాగలేకపోతే నీరసించకుండా చూడటానికి, ఊపిరి ఆగితే పక్కనే ఉండి కదిలించడానికి. జబ్బు తనంతట తనే తగ్గుతుంది. అందాకా బిడ్డను నిలబెట్టాలి.

బుజ్జితల్లి అమ్మగారూ, ఒక లెక్క చెబుతాను. 34 వారాలకు పుట్టి తొమ్మిది వారాలైతే మొత్తం 43. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఈ లెక్క 48 దాటేదాకా ఉన్నట్టుండి ఊపిరి ఆగే ప్రమాదం ఉంటుంది. ఒక్కోసారి దగ్గు, పిల్లికూతలు మొదలవకముందే ఆగుతుంది. ఈ జబ్బు మూడో రోజు నుంచి అయిదో రోజు దాకా పైకి వెళ్తుంది. మీ పాపకు ఇది మూడో రోజు. ఈ రాత్రి ఇద్దరిలో ఒకరు మేలుకుని ఉండండి.

బుజ్జితల్లి_అమ్మ | మంగళవారం, రాత్రి 11:32

నిద్రలో లెక్కపెట్టాను 58. పది నిమిషాలాగి మళ్లీ లెక్కపెడితే 66. పక్కటెముకల కింద గుంట పడుతోంది. పాలు 20 తాగి వదిలేసింది. జ్వరం లేదు. పొద్దున దాకా ఆగొచ్చా?

పిల్లల_డాక్టర్ | మంగళవారం, రాత్రి 11:34

ఆగొద్దు. ఇప్పుడే బయల్దేరండి. జ్వరం లేకపోవడం ధైర్యం కాదు, ఇంత చిన్న పిల్లల్లో చాలాసార్లు జ్వరం ఉండదు. దారిలో పాలు పట్టకండి, ఆయాసంలో పొరపోతాయి. 34 వారాలకు పుట్టిందని, ఇది మూడో రోజని వెళ్లగానే చెప్పండి.

రెండోసారి_నాన్న | మంగళవారం, రాత్రి 11:36

బయల్దేరండి అక్కా. పెద్దోడిని ఎవరికైనా అప్పగించండి. వెళ్లాక వీలైనప్పుడే రాయండి.

చిన్నిగుండె | బుధవారం, సాయంత్రం 5:00

ఏమైనా తెలిసిందా? పొద్దున్నుంచి ఫోన్ చూస్తూనే ఉన్నాను.

బుజ్జితల్లి_అమ్మ | శుక్రవారం, మధ్యాహ్నం 3:15

ఇప్పుడే కాస్త తీరిక దొరికింది. పాప బాగుంది, ముందు ఆ మాట చెబుతున్నాను.

వెళ్లేసరికి ఆక్సిజన్ 88. ఆర్‌ఎస్‌వి అని పరీక్షలో వచ్చింది. ముక్కుకు చిన్న గొట్టాలు పెట్టి వెచ్చటి, తేమ గాలితో కలిపి ఆక్సిజన్ వేగంగా పంపారు, హై ఫ్లో అన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి మానిటర్ మోగింది. చూస్తే పాప ఛాతీ కదలడం లేదు. సిస్టర్ వచ్చి అరికాలు మీద వేలితో రాసింది. పాప ఒక్కసారి ఉలిక్కిపడి పెద్దగా గాలి పీల్చింది. మొత్తం ఇరవై సెకన్లు అయ్యుంటుందేమో. పొద్దున దాకా ఆగి ఉంటే మేమిద్దరం ఆ సమయానికి పక్కన నిద్రలో ఉండేవాళ్లం.

రెండు రోజులు ముక్కు గొట్టంలోంచే పాలు. నేను పిండి ఇస్తే వాళ్లు గంటకు ఇంతని మెల్లగా పంపేవాళ్లు. నిన్న రాత్రి నుంచి హై ఫ్లో తగ్గిస్తున్నారు. పొద్దున సీసాతో 25 తాగింది. మందులేవీ ఇవ్వలేదు, నెబ్యులైజర్ కూడా పెట్టలేదు.

మా వారు బుధవారం నుంచి సిగరెట్ ముట్టలేదు. నేనేమీ అనలేదు.

తొలిచూలు | శుక్రవారం, సాయంత్రం 6:40

పాప కోలుకున్నందుకు చాలా సంతోషం. మొదటి నుంచీ చదువుతున్నాను. నాకు ఇప్పుడు 30 వారాలు. కడుపుతో ఉన్నప్పుడే తల్లికి వేసే టీకా ఉందని చెప్పారు. కానీ వెనకటికి ఆర్‌ఎస్‌వి టీకా వేస్తే పిల్లలకు జబ్బు ఇంకా ముదిరిందని ఎక్కడో చదివాను. అది నిజమేనా? వేయించుకోవాలంటే భయంగా ఉంది.

పిల్లల_డాక్టర్ | శుక్రవారం, రాత్రి 9:20

మీరు చదివింది నిజమే. 1960ల మధ్యలో అమెరికాలో వైరస్‌ను ఫార్మాలిన్ అనే రసాయనంతో చంపి చేసిన టీకాను పసిపిల్లలకు వేసి పరీక్షించారు. తర్వాత వాళ్లకు అసలు ఆర్‌ఎస్‌వి సోకినప్పుడు, వేయని పిల్లలకన్నా ఎక్కువ జబ్బుపడ్డారు. ఇద్దరు చిన్నారులు చనిపోయారు. ఆ దెబ్బకు దశాబ్దాల పాటు ఈ టీకా పని నెమ్మదించింది.

ఆ టీకా వల్ల పుట్టిన యాంటీబాడీలు వైరస్‌ను గట్టిగా అడ్డుకోలేకపోయాయి. వైరస్ మన కణంతో కలిసిపోవడానికి వాడే ప్రొటీన్ ఒకటుంది, కలిసిపోయే ముందు ఒక ఆకారంలో, తర్వాత ఇంకో ఆకారంలో ఉంటుంది. ముందు ఆకారం ఎలా ఉంటుందో 2013లో తేలింది. ఇప్పటి టీకా దాని మీదే చేశారు. పైగా ఇది బిడ్డకు వేయరు, తల్లికి వేస్తారు. తల్లి శరీరంలో తయారైన యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరతాయి. 2023లో అమెరికా, యూరప్‌లలో అనుమతి వచ్చింది. పుట్టిన మొదటి 90 రోజుల్లో తీవ్రమైన జబ్బును సుమారు 82 శాతం తగ్గించినట్టు పరీక్షల్లో తేలింది. అమెరికాలో 32 నుంచి 36 వారాల మధ్య వేస్తారు, ఇంకొన్ని దేశాల్లో కాస్త ముందు నుంచే. వేశాక కనీసం రెండు వారాలైనా గడిచి కాన్పు అయితేనే బిడ్డకు సరిపడా చేరతాయి.

ఇంకో దారి నిర్సెవిమాబ్. అది టీకా కాదు, తయారుగా ఉన్న యాంటీబాడీనే బిడ్డకు ఒక సూదిగా ఇస్తారు, కనీసం అయిదు నెలలు కాపాడుతుంది. దానికి ముందు పాలివిజుమాబ్ ఉండేది, 1998 నుంచి వాడారు. నెలకో సూది వేయాలి, అందుకే ముప్పు మరీ ఎక్కువ ఉన్న పిల్లలకే ఇచ్చేవాళ్లు. ఇవన్నీ అన్ని దేశాల్లో ఇంకా దొరకడం లేదు. 2019లో ప్రపంచంలో అయిదేళ్లలోపు పిల్లలు సుమారు లక్షమంది ఆర్‌ఎస్‌వి వల్ల చనిపోయారని అంచనా. వాళ్లలో నూటికి 95 మందికి పైగా పేద, మధ్య ఆదాయ దేశాల పిల్లలే. అవసరం ఎక్కువ ఉన్నచోటికే ఇవి ఆలస్యంగా చేరుతున్నాయి, నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

మీ కాన్పు డాక్టరుని ఈ వారమే అడగండి. ఇంకో రెండు వారాల్లో మీకు ఆ సమయం మొదలవుతుంది.

తొలిచూలు | శుక్రవారం, రాత్రి 9:50

సోమవారం చెకప్ ఉంది, అడుగుతాను డాక్టర్ గారూ. చాలా థ్యాంక్స్.

బుజ్జితల్లి_అమ్మ | ఆదివారం, ఉదయం 10:00

ఇంటికొచ్చాం. దగ్గు ఇంకా ఉంది, రెండు మూడు వారాలు ఉండొచ్చని చెప్పి పంపారు. శ్వాస నిద్రలో 42. నెల రోజుల తర్వాత ఒకసారి చూపించమన్నారు.

పెద్దోడు తలుపు దగ్గరే నిలబడి, చేతులు కడుక్కుని వచ్చానని తడి చేతులు రెండూ చూపించి, చెల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. పొద్దున ఏడింటికి పాప 60 మొత్తం తాగింది. సీసా ఖాళీ అయ్యాక కూడా కాసేపు చప్పరిస్తూనే ఉంది.

ఎన్‌ఐసీయూ_సిస్టర్ | ఆదివారం, ఉదయం 10:20

చాలా సంతోషం చెల్లీ. ఇంకో వారం రోజులు పాలకు ముందు ముక్కు చుక్కలు మానకు. నువ్వు కూడా ఇవాళ పగలు కాసేపు పడుకో.